ఆనపపాదు గురించి ఒక సవరణ

మావ పోయిన కబురు నాకు పొద్దున్న ఆరున్నరకి తెలిసింది. విజయనగరంలో మా డాబా మీద బెండ మొక్కలకి గొట్టంతో నీళ్ళు పెడుతున్నాను. గజపతినగరం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న ఎల్లిపోనాడు వదినా. పడుకున్నోడు మరి లెగలేదంట" అంది. కాసేపు ఏడ్చింది. తర్వాత నేనేదో అడిగినట్టు, "నిన్న సాయంత్రం కూడా నీళ్ళోసినాడంట, పక్కింటోళ్ళు సెప్తన్నారు" అంది.

ఆ మాట విన్నాక నాకు ఏడుపు వచ్చింది. కానీ అంతకంటే ముందు ఇంకొకటి వచ్చింది. 'హమ్మయ్య, ఇక చెప్పక్కర్లేదు' అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకపోతే మిగతాదేదీ రాసే అర్హత ఉండదు కనక రాస్తున్నాను. గొట్టం కింద పడి నీళ్ళు డాబా అంతా పారుతున్నాయి. నేను ట్యాంకు గోడకి ఆనుకుని నిలబడి, ఒక మంచి మనిషి పోయినందుకు ఊపిరి పీల్చుకున్నాను.

ఏటా ఉగాది వెళ్ళాక మొదలుపెట్టి తొలకరి పడే దాకా, ఈ పేజీలో వేసవి పెరటి గురించి వారం వారం రాస్తూ వచ్చాను. పదకొండేళ్ళుగా. మొక్క మొదట్లో ఎండాకులు ఎంత మందాన పరచాలి, ఏ పూట నీళ్ళు పెట్టాలి, రోహిణి కార్తెలో ఏ మొక్కని ముట్టుకోకూడదు, ఇలాంటివి. మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. 'ఇంత అనుభవం ఎక్కడిదండీ మీకు' అని అడిగారు. నేను మురిసిపోయి ఊరుకునేదాన్ని. 'అనుభవజ్ఞులు చెబుతారు' అని రాశానే తప్ప, ఆ అనుభవజ్ఞులు ఒక్కరేననీ, ఆయన నౌపడలో పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకుని తిరిగే ఒక ముసలాయన అనీ ఏనాడూ రాయలేదు. ఈ వారం కూడా వేసవి పెరటి గురించే రాస్తున్నాను. కాకపోతే ఎనిమిదేళ్ళ కిందట ఇదే పేజీలో నేను అచ్చేయించిన ఒక అబద్ధాన్ని సరిదిద్దాలి. అది మావ పెరటి గురించిన అబద్ధం.

మావ నాకు చుట్టం కాదు. మా ఆయనది రైల్వే ఉద్యోగం. నౌపడలో ఏడేళ్ళు ఉన్నాం. మేం అద్దెకున్న ఇంటికీ మావ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. ఆయన భార్య అప్పటికే పోయింది. ఉన్న ఒక్క కూతురినీ గజపతినగరం ఇచ్చారు. ఒంటి మనిషి. వచ్చిన వారానికే నన్ను 'కోడలా' అని పిలవడం మొదలుపెట్టాడు కాబట్టి ఆయన నాకు మావ అయ్యాడు.

నలభై ఏళ్ళు ఉప్పు మడుల్లో పనిచేశాడు. మడికి నీళ్ళు కట్టడం, పేరిన ఉప్పుని లాగి గట్టు మీద కుప్ప పోయడం. అరికాళ్ళు ఎంత మొద్దుబారిపోయాయంటే ముల్లు గుచ్చుకున్నా తెలిసేది కాదు. మేమే చూసి చెప్పాలి. నాలిక మాత్రం పసిపిల్ల నాలిక. నేను కొత్తగా వెళ్ళిన వేసవిలో బోరు కొట్టి బకెట్టు నింపి, నాలుగు కుండీలకి పోయబోతుంటే గోడ మీంచి అరిచాడు.

"ఆగాగు కోడలా!"

గోడ దాటి వచ్చాడు. చూపుడువేలు బకెట్టులో ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఈ నీళ్ళతో గిన్నెలు తోముకో. మొక్కలకి వద్దు."

నేనూ వేలు ముంచి చూశాను. "నాకేం ఉప్పగా లేవే మావా?"

"నీకెందుకుంటాది? నువ్వు ఉప్పు కూరలో ఏసుకున్నదానివి. నాను అందులో నిలబడ్డోణ్ణి."

మాఘమాసం దాకా ఆ బోరు నీళ్ళు బాగానే ఉండేవి. ఎండలు ముదిరి, భూమిలో నీరు కిందకి దిగేకొద్దీ ఉప్పు తేలేది. ఏ రోజు తేలుతుందో చెప్పలేం. అందుకని ఫాల్గుణం వచ్చిందంటే మావ రోజూ పొద్దున్నే బోరు దగ్గరకి వెళ్ళి ఒక చుక్క నాలిక మీద వేసుకునేవాడు. ఒక రోజు మొహం చిట్లించి, "బోరు తిరిగిపోనాది" అనేవాడు. ఆ రోజు నుంచి వానలు పడేదాకా వీధి చివరున్న మంచి నూతి నుంచి కావిడితో రెండేసి బిందెలు మోసుకొచ్చి మొక్కలకి పోసేవాడు. డెబ్బై దాటిన మనిషి. మా వీధిలో ఇంకెవరూ మొక్కల కోసం అంత కష్టపడేవారు కాదు. ఎండిపోతే వానాకాలం మళ్ళీ వేసుకుందాం అనుకునేవారు. నేనూ ఆ జాతే.

ఆయన దగ్గర నేర్చుకున్నవన్నీ మీరు నా పేరుతో చదివారు. ఎవరివో ఇప్పుడైనా చెప్తాను. మిరప, వంగ మొక్కల పక్కన పాత కుండని మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టమన్నది మావ. "కుండకి సెమట పడతాది కదా, మొక్కకి ఆ సెమట సాలు" అనేవాడు. కొబ్బరాకు తడక పడమటి పక్కనే కట్టమన్నదీ ఆయనే, పొద్దుటి ఎండ మొక్కకి కావాలి కాబట్టి. ఒకసారి నేను మిట్టమధ్యాహ్నం పూట మల్లెపాదుకి నీళ్ళు పోస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "మడిలో పని సేసొచ్చినోడికి మరిగే టీ నీళ్ళు ఇస్తావేటి?" అన్నాడు. వడిలిన వంగమొక్కకి ఎరువు వేస్తానంటే, "జొరమొచ్చినోడికి పలావెట్టినట్టే" అన్నాడు. ఎండాకులు పరిచేటప్పుడు కాండానికి తగలకుండా బెత్తెడు వదలమన్నాడు. నేను ఈ ఎండల్ని తిట్టుకుంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఎండని తిట్టకు కోడలా. నలభై ఏళ్ళు అదే నాకు కూడెట్టినాది" అనేవాడు.

ఇక ఆనపపాదు.

అది మామూలు ఆనప కాదు. కాయ చిన్నది, కింద గుండ్రంగా ఉండి మెడ సన్నగా సాగేది. లేతగా ఉన్నప్పుడు కోస్తే కూర. ముదరనిచ్చి ఎండబెట్టి లోపల దొలిస్తే నీళ్ళ బుర్ర. మావ మడులకి వెళ్ళిన రోజుల్లో ఆ బుర్రలోనే తాగే నీళ్ళు పట్టుకెళ్ళేవాడు. "సుట్టూ ఉప్పే. నెత్తి మీద నిప్పులు. ఆ బుర్రలో నీళ్ళు మట్టుకు మద్దేన్నం కూడా సల్లగుండేవి" అని చెప్పేవాడు. ఆ విత్తనం ఆయన భార్యది. పెళ్ళయి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి కొంగున ముడి వేసుకు తెచ్చిందట. "మీ అత్త ఇంకేటీ తేలేదు. మా అమ్మ సణిగినాది. తొలి కాపు సూసినాక నోరు మూసినాది" అని నవ్వేవాడు.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఏటా పాదుకి ఒక్క కాయని విత్తనానికి వదిలేదట. పొరపాటున ఎవరూ కోయకుండా దాని తొడిమకి తన పాత చీర అంచు, ఎర్రగుడ్డ పీలిక కట్టేదట. ఆవిడ పోయాక మావ అదే చేస్తూ వచ్చాడు. ఎండిన కాయలోంచి గింజలు తీసి బూడిద కలిపి, పాత బుర్రలో పోసి, మూతికి గుడ్డ బిగించి దూలానికి వేలాడదీసేవాడు. సాయంత్రాలు ఆ పందిరి కింద తెల్లటి పూలు విచ్చుకునే వేళకి స్టూలు మీదకి ఎక్కి, మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దేవాడు. ఎందుకు మావా, తేనెటీగలు లేవా అని అడిగితే, "ఉన్నాయి. నాకేటి పని?" అన్నాడు.

ఎనిమిదేళ్ళ కిందటి వేసవికి ఊళ్ళో ఆ రకం పెంచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. అందరూ ప్యాకెట్ విత్తనాలకి మారిపోయారు. మావ దగ్గరున్న గింజలు కూడా ముందటేడు వానల్లో ఇల్లు కారి చాలావరకు బూజు పట్టాయి. మిగిలిన నాలుగు గింజలూ మాఘంలో పెడితే ఒకటే మొలిచింది. ఆ ఒక్క తీగా పందిరంతా అల్లుకుంది. ఏప్రిల్ ఆఖరికి దానికొక మంచి కాయ నిలిచింది. మావ దాని తొడిమకి ఎర్రగుడ్డ కట్టాడు.

మే నెలలో ఆయనకి కుడికంటి శుక్లం ముదిరింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేయించి తన దగ్గర ఉంచుకుంటానని కూతురు వచ్చింది. పన్నెండు రోజులు. మావ వెళ్ళనని మొండికేశాడు. ఒప్పించింది నేనే. "నేనున్నాను కదా మావా, మొక్కల్ని నేను చూసుకుంటాను" అన్నాను. వెళ్ళే రోజు నన్ను పందిరి కిందకి తీసుకెళ్ళాడు.

"మిగతావి ఎండిపోనా ఏటీ అనుకోను కోడలా. ఈ పాదుకి మట్టుకు పొద్దున్నొక బిందె, పొద్దు వాలినాక ఒక బిందె. మంచి నూతి నీళ్ళే. బోరు తిరిగిపోయి నాల్రోజులైనాది. సుక్క కూడా పొయ్యకు."

"అలాగే మావా."

"సుక్క కూడా."

"అబ్బ, పోయనన్నాను కదా!" అని విసుక్కున్నాను. ఆ విసుగు నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంది.

నాలుగు రోజులు చెప్పినట్టే చేశాను. ఐదో రోజు నుంచి చేయలేదు. కారణం పెద్దదేం కాదు. ఇంట్లో ఎవరికీ జబ్బు చేయలేదు, చుట్టాలు రాలేదు. నుయ్యి దూరం, ఎండ, బిందె బరువు, చేద లాగితే అరచేతులు మండటం, అంతే. దానికితోడు ఆ వారం ఈ పేజీకి వ్యాసం పంపాల్సిన గడువు దగ్గరపడింది. వేసవిలో మొక్కలకి నీళ్ళు ఎలా పెట్టాలో మీకు చెప్పడానికి కూర్చుని, నీళ్ళు తేవడానికి బద్ధకించాను. మా బోరుకి అప్పటికి మోటారు వచ్చింది, గొట్టం ఉంది. గోడ మీంచి గొట్టం అవతలకి వేశాను. ముందు ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూశాను కూడా. ఉప్పు తెలియలేదు. తెలియకపోవడమే నాకు కావలసింది.

రెండు రోజులకి ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. దాహమేమో అనుకుని ఇంకాస్త పోశాను. మర్నాడు మరీ వడిలితే మధ్యాహ్నం కూడా పోశాను. ఎంత పోస్తే అంత వాడింది. మట్టి చూస్తే తడిగా ఉంది, తీగ చూస్తే నీళ్ళే ఎరగనట్టు ఉంది. అప్పుడైనా నూతికి పరిగెత్తాలి కదా. మా ఆయన అన్నారు కూడా, "బోరు నీళ్ళు వద్దన్నాడు కదే ఆయన" అని. "మీకేం తెలుసు మొక్కల గురించి" అన్నాను. పదో రోజుకి ఎర్రగుడ్డ కట్టిన తొడిమ మెత్తబడింది. కాయ ముడతలు పడి తీగకి వేలాడింది. ఇక అప్పుడు ఒక్క పూటలో ఏడు బిందెలు మంచి నీళ్ళు మోశాను. ఏం లాభం?

మావ నల్లకళ్ళద్దాలతో, కూతురు తోడుగా దిగాడు. సంచీ అరుగు మీద పెట్టి తిన్నగా పందిరి కిందకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఆయన ఏమీ అడగకముందే చెప్పేశాను.

"వడగాల్పు మావా. మూడు రోజులు మరీ దారుణంగా వీచింది."

"వడగాల్పే?"

"అవును మావా. వీధిలో అందరివీ మాడిపోయాయి."

"నీళ్ళో?"

"రెండు పూటలా పోశాను."

అది నిజమే. అందుకే ఆయన మొహంలోకి చూస్తూ చెప్పగలిగాను. ఆ మూడు రోజులూ గాలి నిప్పులా వీచిందన్నదీ నిజమే. రెండు నిజాలు పేర్చి ఒక అబద్ధం కట్టడం నాకు అంత బాగా వచ్చని అప్పటిదాకా నాకే తెలియదు. మావ గొంతుకూర్చుని పాదు మొదట్లో మట్టి కాస్త చేతిలోకి తీసుకున్నాడు. తడి చూస్తున్నాడనుకున్నాను. అక్కడ నిలబడలేక టీ తెస్తానని ఇంట్లోకి వచ్చేశాను. టీ పట్టుకెళ్ళేసరికి కాయ తొడిమకున్న ఎర్రగుడ్డ ముడి విప్పుతున్నాడు. చూపు ఇంకా సరిగ్గా ఆనక ముడి దొరకడం లేదు. నేనూ సాయం చేయలేదు. విప్పి, దాన్ని పందిరి రాటకి కట్టాడు.

"పోన్లే కోడలా. నువ్వేటి సేస్తావు, నీ కష్టం నువ్వు పడ్డావు" అన్నాడు.

తర్వాత నెలలో భార్య పుట్టిన ఊరికి బస్సెక్కి వెళ్ళాడు, ఆ విత్తనం ఎవరి దగ్గరైనా ఉందేమోనని. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. "పాతోళ్ళు ఎవులూ లేరు. కొత్తోళ్ళకి తెలీదు" అన్నాడు. నేను గోడకివతల బట్టలు ఆరేస్తూ, అయ్యో అన్నాను.

ఇక అచ్చయిన అబద్ధం సంగతి. ఆ జూన్‌లో ఈ పేజీలో నేనిలా రాశాను: 'మా పక్కింట్లో ఎంతో జాగ్రత్తగా పెంచిన ఆనపపాదు కూడా ఈసారి వడగాల్పుకి తట్టుకోలేకపోయింది. కాబట్టి తీగజాతులకి పడమటి వైపు తడక తప్పనిసరి.' ఎందుకు రాశాను? రాయమని ఎవరూ అడగలేదు. అచ్చులో వస్తే నిజమైపోతుందనుకున్నానేమో. మావకి చదువు రాదు. కూతురు వచ్చినప్పుడు చదివి వినిపించింది. మర్నాడు గోడ దగ్గరకి వచ్చాడు.

"పేపర్లో ఏసినావంటగా కోడలా. వడగాల్పని."

"అవును మావా."

"బాగుంది." కాసేపు నిలబడ్డాడు. "ఇంకేటి?"

"ఇంకేం లేదు మావా."

ఆ 'ఇంకేటి' మీరు గుర్తు పెట్టుకోండి. తర్వాత రెండేళ్ళు అక్కడున్నాం, ఆ తర్వాత మా ఆయనకి విజయనగరం బదిలీ అయింది. అప్పటి నుంచి ఏటా ఫాల్గుణంలో ఒకరోజు రైలెక్కి నౌపడ వెళ్ళేదాన్ని. మావని చూడ్డానికి అని ఇంట్లో చెప్పేదాన్ని. నిజానికి ఆ ఏటి వ్యాసాలకి సరుకు తెచ్చుకోవడానికి. మధ్యాహ్నం దాకా ఆయన వెనక తిరిగి, ఏ మొక్కకి ఏం చేస్తున్నాడో చిన్న పుస్తకంలో రాసుకునేదాన్ని. బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి, గేటు మీద చెయ్యి వేసి, "ఇంకేటి కోడలా?" అనేవాడు. "ఇంకేం లేదు మావా, వెళ్ళొస్తాను" అనేదాన్ని. వెంటనే గేటు తీసేవాడు కాదు. వదలబుద్ధి కావడం లేదేమో, ఒంటి మనిషి కదా అనుకునేదాన్ని.

ఆ పందిరి కింద చోటు ఖాళీగానే ఉండేది. చుట్టూ బీర, కాకర, బచ్చలి అన్నీ ఉండేవి. అక్కడ మాత్రం ఏమీ లేదు. అయినా పొద్దున్నా సాయంత్రం ఒక బిందె నీళ్ళు ఆ ఉత్త మట్టికి పోసేవాడు. మంచి నూతి నీళ్ళు, కావిడితో మోసుకొచ్చినవి. ఒకసారి ఉండబట్టలేక ఆటపట్టించాను.

"మావా, నీళ్ళు దండగ కదా. ఏముందక్కడ?"

"తాగనీ."

"పోనీ ఇంకో పాదు పెట్టొచ్చుగా?"

"ఎట్టొచ్చు. తొందరేటి?"

మావ పెద్దకర్మకి నౌపడ వెళ్ళాను. భోజనాలయ్యాక జనం పల్చబడ్డారు. ఆయన కూతురూ నేనూ వెనక వసారాలో ఎంగిలాకులు ఎత్తుతున్నాం. ఇక ఈవిడకైనా చెప్పాలి, లేకపోతే ఈ జన్మకి కుదరదు అనిపించింది. రైల్లో వస్తూ మాటలు పేర్చుకున్నాను. నోరు తెరిచి "వదినా, ఆ ఆనపపాదు..." అన్నాను. అంతే.

ఆవిడ చేతిలో ఆకులు కింద పెట్టింది. "నాకు తెలుసు వదినా" అంది.

"ఏం తెలుసు?"

"నాన్న ఆ రోజే మట్టి నోట్లో ఏసుకున్నాడు. నువ్వు టీకెల్లినావు. నాను అరుగు మీదున్నాను కదా, సూసినాను. ఉమ్మీసి, 'ఉప్పు' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోనాది. అప్పుడే నిన్ను అడిగీబోతే సెయ్యట్టుకుని ఆపినాడు."

"ఏమన్నారు?"

"'అడక్కు. ఆ పిల్లే సెప్తాది' అన్నాడు."

నేను వసారా మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆవిడ నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ఆకులు ఎత్తుతూ చెప్తూ పోయింది. "పేపర్లో ఏసినావు సూడు, అది సదివినప్పుడు కూడా అడిగినాను, ఇప్పుడైనా సెప్పు నాన్నా, అబద్దం అచ్చేసినాదని. 'సెప్తాదిలే, ఎక్కడికి పోతాది' అన్నాడు. ఏటా నువ్వొచ్చి ఎల్లినాక నాకు ఫోన్ సేసీవోడు. 'వచ్చినాదా? ఏటన్నాది?' అని నానడిగితే, 'ఈపాలి కూడా లేదు' అనీవోడు."

ఎనిమిది వేసవులు. ముందు గోడ దగ్గర, తర్వాత ఏటా గేటు మీద చెయ్యి వేసి అడిగాడు. అడిగిన ప్రతిసారీ నేను ఇంకేం లేదన్నాను. ఆ పాదు పోకముందు కూడా ఆయన 'ఇంకేటి' అనేవాడా, అది ఉట్టి అలవాటేనా అని ఈ పదిహేను రోజులుగా గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. గుర్తు రావడం లేదు. ఆ మాట మీద నేను శ్రద్ధ పెట్టింది ఎప్పుడు గనక? నా శ్రద్ధంతా పుస్తకంలో రాసుకునే వాటి మీద.

కాబట్టి సవరణ. ఎనిమిదేళ్ళ కిందటి జూన్‌లో ఈ పేజీలో చెప్పిన ఆనపపాదు వడగాల్పుకి చావలేదు. పెంచినాయన వద్దని రెండుసార్లు చెప్పినా వినకుండా నేను పోసిన ఉప్పు నీళ్ళకి చచ్చింది. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉన్నవాళ్ళు వేసవిలో బోరు నీళ్ళు రోజూ చూసుకోండి. ఆకు అంచులు మాడి, మట్టి మాత్రం తడిగా ఉంటే అది దాహం కాకపోవచ్చు. ఇంకా పోయకండి, ముందు ఆ నీళ్ళు నాలిక మీద వేసుకుని చూడండి. మీకు తెలియకపోతే తెలిసినవాళ్ళని అడగండి. ఇదీ మావ మాటే. ఇన్నాళ్ళూ మీరు నాకు రాసిన మెచ్చుకోళ్ళన్నీ ఆయనవి. ఆ తీగని చంపడం ఒక్కటే నాది.

పెద్దకర్మ రోజు సాయంత్రం బయల్దేరే ముందు పందిరి కిందకి వెళ్ళాను. రాటకున్న ఎర్రగుడ్డ వెలిసిపోయి మట్టిరంగుకి వచ్చింది, ముడి మాత్రం అలాగే ఉంది. గొంతుకూర్చుని ఆ ఖాళీ చోట మట్టి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు. నా నాలికని నేను నమ్మను కదా, వేలు దిగినంత లోతున గిల్లి ఇంకో చిటికెడు తీశాను. అక్కడా లేదు. ఎనిమిది వానాకాలాలు వెళ్ళాయి, ఉప్పు ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది. నాకంటే ముందే మావకి తెలిసి ఉంటుంది. అయినా చోటు ఖాళీగానే ఉంచాడు.

"బోరు నీళ్ళు నేనే పోశాను మావా" అన్నాను. పైకే అన్నాను. పందిరి మీద ఎండిన బీరతీగ గాలికి కదిలింది. వినాల్సిన మనిషి లేడు.

వెనక అడుగుల చప్పుడైంది. ఆయన కూతురు నూతి నుంచి బిందె మోసుకొచ్చింది. నా పక్కన దించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"లెగు వదినా, తప్పుకో. అక్కడ నీళ్ళు పొయ్యాల."

"ఇప్పుడెందుకు వదినా? ఏముందక్కడ?"

"ఏమో. ఆపీమని నాన్న సెప్పలేదు కదా" అంది.

నేను లేచి పక్కకి జరిగాను. ఆవిడ వంగి బిందె వంచింది. నీళ్ళు ఆ ఉత్త మట్టి మీద కాసేపు నిలిచి, నెమ్మదిగా లోపలికి ఇంకిపోయాయి.